లత చదివిన ఆరంకెలు

తన మొగుడు నిజంగానే దొంగతనం చేశాడేమోనని లతకు భయం. పోలీసులొస్తారని, గది ఖాళీ చేయమంటారని, పది నెలల పాపను చంకనేసుకుని ఊరికి రైలెక్కాల్సి వస్తుందని కూడా భయాలున్నాయి. అవన్నీ దీని తర్వాతివి. ఎందుకంటే ఆ దొంగతనానికి సాక్ష్యం ఒకటుంది. అది ఆమె దగ్గరే ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట మొదటిసారి పైకి అనడానికి ఆమె సూరత్ శివారు సచిన్ నుంచి బస్సెక్కి ఉధనా వచ్చింది. స్టేషన్ ఎదురుగా మొబైల్ రిపేరు దుకాణం మీది అంతస్తులో 'వర్షిణి, ప్రైవేటు విచారణలు' అని మూడు భాషల్లో రాసిన తలుపు ఉంటుంది. వర్షిణి తండ్రి అదే స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా పనిచేశాడు. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగింది. పెళ్ళి సంబంధాల ఆరా, మార్కెట్‌లో మాయమైన పార్శిళ్ళ ఆరా ఆమెకు రోజువారీ పని. పక్క బల్ల దగ్గర కూర్చునే సోమలింగానికి యాభై దాటాయి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో వ్యాపారుల సర్వర్లు బిగించి, బాగుచేసి బతికిన మనిషి. వ్యాపారులు తమ కంప్యూటర్ల సరంజామా తీసేసి అన్నీ క్లౌడ్‌లో పెట్టుకోవడం మొదలయ్యాక ఆయనను పిలిచేవాళ్ళు లేకపోయారు. వర్షిణి పిలిచింది. అప్పటినుంచి ఆమె ఏం చెప్పినా ఆయనకు గొప్పగానే ఉంటుంది.

"ముందు కూర్చోండి. పాపకు ఏమన్నా కావాలా?" అంది వర్షిణి.

"అద్దు మేడం, బస్సుల పాలు తాగింది. భూలక్ష్మి అక్క పంపింది నన్ను. మా పక్క గది ఆమె. ఉధనాల మన తెలుగు మేడం ఉన్నది, పోయి చెప్పుకో, ఏడ్సుకుంట కూసుంటే ఏమైతది అన్నది."

"ఏం జరిగింది?"

లత చెప్పింది. చెప్పేటప్పుడు కొంగు పాప నోట్లోకి పోతుంటే తీస్తూ, మళ్ళీ పోతుంటే మళ్ళీ తీస్తూ చెప్పింది. భర్త పరుశురాం సచిన్‌లో చీరల మీద పూలు అచ్చువేసే మిల్లులో కంప్యూటర్ ఆపరేటరు. డిజైన్లను తెరిచి, రంగులు సరిచూసి, మిషన్‌కు పంపడం అతని పని. పెళ్ళిళ్ళ సీజన్ కోసం మిల్లు కొత్త డిజైన్లు తయారుచేసుకుంది. సరుకు గేటు దాటకముందే అవే పూలు, అవే అంచులు రింగ్ రోడ్డు మీద వేరే వాళ్ళ దుకాణంలో వేలాడాయి. యజమాని హస్ముఖ్‌భాయ్ ఆపరేటర్లందరినీ నిలబెట్టి అడిగితే పరుశురాం 'నేనే' అన్నాడు. కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. రేపు పొద్దున ఆ కాగితం పోలీసులకు వెళ్తుంది.

"ఎవరైనా కొట్టారా?"

"ఎవ్వలు ముట్టలే మేడం. ఇంటికచ్చి గోడ దిక్కు తిరిగి పన్నడు. అడిగితే పలుకడు. పాప మీదికి పాకితే గూడ పలుకడు."

"మీరేమనుకుంటున్నారు?"

లత పాప తల మీద గడ్డం ఆనించి, ఆ తలతోనే మాట్లాడుతున్నట్టు అంది. "నేనే నంబరు చెప్పిన."

సోమలింగం రాస్తున్న పెన్ను ఆగింది.

"డిజైన్లుండే అంతస్తుల ఫోన్లు ఉండనియ్యరు. ఫోటోలు తీస్తరని. అందుకని ఆయన ఫోను నా దగ్గర్నే పెట్టి పోతడు. ఆ క్లౌడో ఏందో, దాన్ని కొత్త కంప్యూటర్ల తెరవాలంటే ఈ ఫోనుకు ఒక నంబరు అస్తది. ఆయన ఆఫీసు ఫోన్ల నుంచి చేస్తడు, నేను సదివి చెప్త. నేను ఏడో తరగతిల బడి ఇడిసిన. ఇంగ్లీషు ముక్క తెల్వదు, గని అంకెలు తెలుస్తయి."

"ఆ రోజు కూడా చెప్పారా?"

"సేఠ్ ఏ దినం దొంగతనమైందన్నడో, ఆ దినమే మేము పాపకు సూది ఏపిచ్చినం. అంగన్‌వాడి కాడ క్యాంపు. ఒక్కతీరు లొల్లి. పాప భూలక్ష్మి అక్క చేతుల గుక్క పట్టి ఏడుస్తాంది. ఫోను మోగింది. ఆఫీసు నంబరే. 'మెసేజ్ అచ్చిందా, చెప్పు' అన్నడు. మల్ల, 'సూది ఏసిన్రా, జర ఊకోవెట్టు' అన్నడు. నేను ఆరంకెలు సదివిన. పెట్టేసిండు."

"అది మీ ఆయన గొంతేనా?"

"ఆ లొల్లిల గొంతేం తెలుస్తది మేడం. ఆఫీసు నుంచి నాకు ఇంకెవ్వరు చేస్తరు?" లత కళ్ళు తుడుచుకుంది. "పోలీసులు అడిగితే నేనేం చెప్పాలె? అబద్ధం ఆడుదునా, ఆయన్ను జైలుకు పంపుదునా?"

వర్షిణి లేచి చెప్పులు వేసుకుంది. "ముందు మీ ఇంటికి పోదాం."

ఆటోలో లత సోమలింగాన్ని అడిగింది, ఆ క్లౌడ్ అంటే అసలు ఏమిటని. అందరూ మబ్బు మబ్బు అంటారు గానీ చీరల బొమ్మలు ఆకాశంలో ఎట్లా ఉంటాయని.

"ఆకాశంలో ఏం లేదు తల్లీ," అన్నాడు సోమలింగం. "ఎక్కడో ఊరిబయట ఎవరివో పెద్ద షెడ్లు. వాటినిండా కంప్యూటర్లు. మన సామాను వాళ్ళ షెడ్డులో అద్దెకు పెడతాం. వ్యాపారికి అది సుఖం. వాన నీళ్ళొచ్చి మిషను మునుగుతుందన్న బాధ లేదు, ఏసీ బిల్లు లేదు, నాలాంటివాడు రాలేదని ఎదురుచూపు లేదు. డిజైన్ గీసేవాడు వరాఛాలో కూర్చుని గీస్తాడు, కొనేవాడు చెన్నైలో ఫోన్లో చూస్తాడు. ఇదివరకు డిజైన్ కాజేయాలంటే మిల్లు గేటు దాటాలి. ఇప్పుడు తాళం చెవి ఎవడి చేతిలో ఉంటే వాడికి ప్రపంచంలో ఎక్కడైనా గేటే."

"ఆ తాళం చెవి నా చేతుల పెట్టిన్రా," అంది లత.

కార్మికుల గదుల వరస మిల్లుకు నడిచేంత దూరంలో ఉంది. పక్క గది గుమ్మంలో భూలక్ష్మి బియ్యం ఏరుతూ కనిపించింది. లావుపాటి, నవ్వుమొహం మనిషి. లేచొచ్చి పాపను లాక్కుంది. "దా, నా బంగారి. మేడం, ఈ పిల్ల మొగడు చీమను గూడ చంపడు. మీరే ఏమన్న చెయ్యాలె. మా ఆయన గూడ తిండి తింటలేడు, తమ్మునికి గిట్లైందని."

లత గది లోపల పరుశురాం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వర్షిణి కింద చాప మీద కూర్చుంది.

"డిజైన్లు ఎట్లా తీశారు?"

"పెన్‌డ్రైవ్‌ల పెట్టుకొని తీస్కపోయిన."

"ఎవరికిచ్చారు?"

"మార్కెట్‌ల ఒకాయనకు. పేరు తెల్వదు."

"సరే, ఆ రోజు మీరు చేసిన పనులు చెప్పండి. దొంగతనం వదిలేయండి, మామూలు పనులు."

పరుశురాం ఆమెను అనుమానంగా చూశాడు. మామూలు పనుల గురించి ఎవరైనా ఎందుకడుగుతారో అతనికి అర్థం కాలేదు. "పొద్దుగాల పోయిన. మిషను మీద కూసున్న. మా ఇద్దరి డబ్బాలు భూలక్ష్మి వదిన గేటు కాడ ఇస్తది, వాళ్ళాయన రాజమల్లన్న, మా మిల్లులనే చేస్తడు, పైకి తెచ్చిస్తడు. ఆ రోజు డబ్బా ఆలస్యం. నల్లాల నీళ్ళు రాలేదట, వంట ఆలస్యమైందట, అన్న చెప్పిండు. తిన్న. పొద్దుమూకి ఇంటికస్తే పాప ఒళ్ళు కాలుతాంది. సూది ఏపిచ్చిన్రని వదిన చెప్పింది. నాకు చెప్పకుంట ఎందుకు తీస్కపోయిందని కోపమచ్చింది, గని ఈమెను ఏమనలే. అంతే."

"వాళ్ళు క్యాంపు పెట్టిన్రని నాకే తెల్వకపాయె," అంది లత, గుమ్మంలోంచి. "ఈయన పోయినంక ఆశా వర్కరు అచ్చి పిలిచింది."

వర్షిణి చాప మీంచి లేచింది. బయటికొచ్చాక సోమలింగం గుసగుసగా అన్నాడు. "ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నట్టే ఉన్నాడు కదండీ."

"మిల్లుకు వెళ్ళి పెన్‌డ్రైవ్ సంగతి కనుక్కుందాం."

హస్ముఖ్‌భాయ్ తన గదిలో చీర ముక్కల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒకటి వాళ్ళది, ఒకటి మార్కెట్‌లో కొనుక్కొచ్చింది. తేడా కనిపించలేదు. "చూడండి బేన్," అన్నాడు హిందీలో, "వాణ్ణి ఇంట్లో మనిషిలా చూశాను. నా క్లౌడ్‌కు వాడి నంబరే పెట్టించాను. నాకు రోజూ ఆ మెసేజ్‌లు చదివే తీరిక ఎక్కడిది? అంత నమ్మాను."

"నమ్మకమా, తీరిక లేకనా?" అంది వర్షిణి.

క్లౌడ్ పెట్టించిన కంపెనీ కుర్రాడు జయదేవ్ పక్కనే లాప్‌టాప్ పట్టుకుని ఉన్నాడు. తెలుగు బ్యాంకు ఉద్యోగి కొడుకు, సూరత్‌లోనే పెరిగాడు. తెలుగు మొదలుపెట్టి గుజరాతీలో తేలే రకం. "మేడం, సిస్టంలో గడ్‌బడ్ ఏం లేదు. లాగిన్ బరాబర్ ఉంది. మిల్లు బయట ఎవరిదో కొత్త కంప్యూటర్. పాస్‌వర్డ్ కరెక్ట్, ఓటీపీ కరెక్ట్. మొత్తం డిజైన్లు దింపుకున్నారు. మా తప్పేం లేదు."

"పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళారేమో?"

"కుదరదు. ఇక్కడి మిషన్లకు పెన్‌డ్రైవ్ పెడితే తీసుకోవు, నేనే బంద్ చేశాను."

సోమలింగం వర్షిణి వైపు చూశాడు. ఆమె వెంటనే రెండో ప్రశ్న వేసింది.

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

జయదేవ్ నవ్వాడు. "తెలియనివాళ్ళెవరు అని అడగండి. పాత సర్వర్‌కు పెట్టినదే దీనికీ పెట్టారు. మార్చండి కాకా అని ఎన్నిసార్లు చెప్పాను. మర్చిపోతాం అన్నారు. నేనొక్కణ్ణే ఇట్లాంటి మిల్లులు బోలెడు చూసుకోవాలి. మా ఆఫీసులో సగం మందిని తీసేశారు, క్లౌడ్‌కు అంతమంది అక్కర్లేదని. ఎంతమందికి చెప్పను?"

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. మిషన్ సెట్టింగు. ఎందుకు మేడం, నా మీద డౌటా?" నవ్వు ఆగిపోయింది.

"ఇప్పటిదాకా లేదు," అంది వర్షిణి. సోమలింగానికి మాత్రం ఆ కుర్రాడి మీద అప్పుడే అనుమానం మొదలైంది. తెలుగు వచ్చు, లోపలి గుట్టంతా తెలుసు, ఆ రోజు మిల్లులోనే ఉన్నాడు. ఇంకేం కావాలి.

సరుకు పంపే కౌంటరు కింది అంతస్తులో ఉంది. అక్కడ బేళ్ళ మీద చిరునామాలు రాయిస్తున్న రాజమల్లు, తెలుగు వినగానే ముందుకొచ్చాడు. భూలక్ష్మి భర్త. నలభై దాటిన మనిషి, జేబులో ఇప్పటికీ టెస్టరు పెట్టుకుంటాడు.

"పరుశురాం నా సొంత తమ్ముడు అనుకోన్రి మేడం. మాది ఒక్కటే ఊరు. నేనే తోల్కచ్చి పనికి పెట్టించిన. ఏం బుద్ధి పుట్టిందో వానికి. చాయ్ తాగుతరా?"

"మీరు కంప్యూటర్ల పనే చేసేవారని జయదేవ్ అన్నాడు."

"చేసేటోన్ని. రాండ్రి, చూపిస్త." కౌంటరు వెనక ఒక గది తలుపు తీశాడు. నిండా చీరల కట్టలు. గోడకు ఏసీ ఉండిన చోట సిమెంటు పూసిన మచ్చ ఉంది. "ఇది నా సర్వర్ రూము. ఎండకాలంల గూడ స్వెట్టర్ ఏసుకొని కూసునేటోన్ని. కరెంటు పోతే సేఠ్ ముందుగాల నాకే ఫోను చేస్తుండె. అటెన్క ఈ జయదేవ్ పిలగాడు అచ్చిండు. ఒక్క వారంల గది ఖాళీ. సేఠ్ మిషన్లను పాతసామానోనికి అమ్మిండు. నన్ను బేళ్ళ కాడ నిలవెట్టిండు."

సోమలింగం ఆ సిమెంటు మచ్చ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇట్లాంటి గదులు ఆయనకు చాలా తెలుసు.

వర్షిణి కౌంటరు మీది ఫోను ఎత్తి తన మొబైల్‌కు చేసింది. తెర మీద పడిన అంకెలు లత ఫోన్లో 'ఆఫీసు' అని ఉన్నవే. "ఇది పైన డిజైన్ల అంతస్తులో, సేఠ్ గదిలో, ఇక్కడ, అన్నిచోట్లా ఒకటే నంబరా?"

"ఒకటే లైను మేడం," అన్నాడు రాజమల్లు.

ఆ సాయంత్రం వర్షిణి అందరినీ ఆ చీరల గదిలోకే రమ్మంది. కట్టల మీద సర్దుకుని కూర్చున్నారు. హస్ముఖ్‌భాయ్‌కు మాత్రం కుర్చీ వేశారు. జయదేవ్ ఫోను చూసుకుంటున్నాడు. పరుశురాం లత పక్కన కాకుండా అవతల కూర్చున్నాడు. పాప భూలక్ష్మి ఒళ్ళో ఉంది, రాజమల్లు ఆమె వెనక నిలబడ్డాడు. సోమలింగం తలుపు దగ్గర. వర్షిణి హిందీలో మొదలుపెట్టి, అవసరమైనచోట తెలుగులోకి వచ్చింది.

"హస్ముఖ్‌భాయ్, మీ దొంగకు దొంగతనం ఎట్లా జరిగిందో తెలియదు. పెన్‌డ్రైవ్ అంటున్నాడు. మీ మిషన్లు పెన్‌డ్రైవ్ తీసుకోవు. చేయనిది చేశానని ఒక మనిషి ఎందుకంటాడు?"

"పిచ్చివాడైతే," అన్నాడు హస్ముఖ్‌భాయ్.

"లేదా ఇంకొకరిని కాపాడాలనుకుంటే. ఆ నంబరు వచ్చింది ఇతని ఫోనుకు. ఆ రోజు ఇతను ఇంటికి ఫోను చేయలేదు. ఫోను ఉన్నది భార్య దగ్గర. మరి నంబరు ఎవరు చెప్పి ఉంటారు? ఎవడో మోసగాడు మాయమాటలు చెప్పి ఆమెతో చదివించాడనుకున్నాడు. చంటిపిల్ల తల్లిని పోలీసు స్టేషన్‌లో కూర్చోబెడతారని తనమీద వేసుకున్నాడు. అవునా పరుశురాం?"

పరుశురాం నేల చూస్తున్నాడు. లత అతని వైపు తిరిగింది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఆమె ఏమనుకుందో వినండి," అంది వర్షిణి. "ఆఫీసు నంబరు నుంచి ఫోను వచ్చింది కాబట్టి చేసింది భర్తే అనుకుంది. సాక్ష్యం తన నోట్లోనే ఉందని చెప్పలేక చచ్చిపోతోంది. ఇద్దరూ ఒకరినొకరు దాచుకుంటున్నారు. అసలు ఫోను చేసినవాడికి కావలసింది అదే."

"అయితే ఎవరు?" అన్నాడు హస్ముఖ్‌భాయ్.

"మిల్లులోని మనిషి, ఎందుకంటే లైను మిల్లుది. తెలుగు మాట్లాడే మనిషి. మీకు రాదు. పరుశురాం చేయలేదు. మిల్లులో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకా ఇద్దరే."

జయదేవ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మేడం, మా అమ్మ మీద ఒట్టు..."

"ఆగండి. ఫోను చేసినతను లతతో ఒక మాట అన్నాడు. పాప ఏడుపు విని, 'సూది ఏసిన్రా' అన్నాడు. ఆ క్యాంపు ఉందని లతకే ముందు తెలియదు. భర్త పనికెళ్ళాక ఆశా ఆమె వచ్చి పిలిస్తే వెళ్ళింది. సాయంత్రం పాపకు జ్వరం చూసేదాకా పరుశురాంకు తెలియదు. మరి మిల్లులో కూర్చున్న మనిషికి, ఏడుస్తున్న పిల్లకు సూది వేశారని ఎట్లా తెలిసింది?" వర్షిణి గొంతు తగ్గించింది. "భూలక్ష్మీ, ఆ రోజు క్యాంపు నుంచి మీరు ఎవరికైనా ఫోను చేశారా?"

భూలక్ష్మి పాప చేతిలోంచి తన పుస్తెలతాడు విడిపిస్తూ, ఆలోచించకుండా చెప్పింది. "ఈయనకు చేసిన. పాపకు సూది ఏపిస్తున్నం, మంది మస్తున్నరు, డబ్బా జర ఆలస్యమైతది అని."

"నల్లా రాలేదని చెప్పారా?"

"నల్లానా? నల్లా అచ్చిందిగా ఆ రోజు. సూది అనే చెప్పిన."

అవతల పరుశురాం తల ఎత్తాడు. "అన్నా, నల్లా రాలేదని నాతోని ఎందుకన్నవు?"

భూలక్ష్మి వెనక్కి తిరిగి భర్తను చూసింది. ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పాపను లేపి లతకు అందించింది, చాలా నెమ్మదిగా, పిల్ల మీద తన చేతి మరక అంటుకుంటుందేమో అన్నట్టు.

"సూది అని చెప్తే, పరుశురాం ఇంటికెళ్ళి ఆ మాట అంటాడు," అంది వర్షిణి రాజమల్లుతో. "లత, 'నీకు ముందే తెలుసుగా, ఫోన్లో అడిగినవు' అంటుంది. ఆ ఒక్క మాటతో వేరేవాడు ఫోను చేశాడని ఆ రోజే బయటపడేది. అందుకని నల్లా మీద పెట్టారు. పాస్‌వర్డ్ మీకు తెలుసు, పాత సర్వర్‌కు పెట్టింది మీరే. కంప్యూటర్ ముట్టుకునే పని లేదు. బయట ఎవడో కూర్చుని ఉంటే, మీరు ఆ ఆరంకెలు అందిస్తే చాలు. కౌంటరు దగ్గర మొబైల్ వాడొచ్చు."

రాజమల్లు చీరల కట్ట మీద కూర్చుండిపోయాడు. "ఆ రింగ్ రోడ్డు దుకాణపోళ్ళ కాడ ఇంకా సర్వరున్నది," అన్నాడు హస్ముఖ్‌భాయ్ వైపు చూస్తూ, తెలుగులోనే. "వాళ్ళు క్లౌడ్‌ను నమ్మరు. రూము, ఏసీ, అన్ని నీ చేతులనే పెడ్తం అన్నరు. ఇక్కడ సేఠ్ గూడ, క్లౌడ్ల దొంగలు పడ్డరని చూస్తే మల్ల నన్నే పిలుస్తడనుకున్న. ఆ పిలగాని కంపెనీ మీదికి పోతది అనుకున్న. తమ్ముని మీదికి అస్తదని నాకు తెల్వదు."

"తెలిశాక?" అంది వర్షిణి.

రాజమల్లు జేబులోని టెస్టరు తీసి కట్ట మీద పెట్టాడు.

"తెలిశాక నువ్వు నా ఇంట్ల కూసొని చాయ్ తాగినవు బావా," అంది లత. ఆమె గొంతు పైకి లేవలేదు. "ఒప్పుకున్నడంటే ఏదో తప్పు చేసే ఉంటడు, నువ్వు ధైర్నంగుండు అని నాకే చెప్పినవు. నేను మా ఆయన్ను అనుమానపడ్డ. నీ మీద ఒక్కసారి గూడ రాలే."

జయదేవ్ చెప్పిన తర్జుమా విని హస్ముఖ్‌భాయ్ పోలీసులకు చేయడానికి ఫోను తీశాడు. పరుశురాం సంతకం పెట్టిన కాగితం వర్షిణి అడిగి తీసుకుని లత చేతిలో పెట్టింది. "ఇంకొకటి హస్ముఖ్‌భాయ్. రేపటినుంచి ఆ నంబరు మీ ఫోనుకు రానివ్వండి. మీ గేటుకు మీరే కాపలా ఉండండి. పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి." ఆయన తల ఊపాడు. పరుశురాంతో మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. క్షమించమని అడగడం ఆయనకు అలవాటున్నట్టు లేదు.

గేటు బయట సోమలింగం చాలాసేపు ఆపుకుని ఆపుకుని అన్నాడు. "నేను జయదేవ్ అనుకున్నానండి. మీరెప్పుడు పట్టుకున్నారు?"

"పరుశురాం చెప్పినప్పుడే. సాయంత్రం దాకా సూది సంగతి తెలియదన్నాడు. ఫోన్లో మనిషికి మధ్యాహ్నమే తెలుసు. ఆ ఇద్దరూ ఒకరు కాదు."

"అంత చిన్న మాట."

"రాజమల్లు కూడా ఆ పాపను ఎత్తుకుని పెంచిన మనిషే కదా. ఏడుపు వినగానే అడగకుండా ఉండలేకపోయాడు," అంది వర్షిణి. గెలిచిన సంతోషం ఆమె మొహంలో లేదు.

ముందు పరుశురాం, లత నడుస్తున్నారు. "నన్ను ఒక్క మాట అడిగితే ఏమాయె?" అంది లత.

"నువ్వు గూడ అడుగలే."

"అడిగిన. నువ్వు గోడ దిక్కు తిరిగినవు." కొంతదూరం పోయాక పాపను అతని చేతికిచ్చింది. "పట్టుకో. నా చేతులు గుంజుతున్నయి."

రాజమల్లును పోలీసులు తీసుకెళ్ళారు. అతనికి సర్వర్ రూము ఇస్తామన్నవాళ్ళు అతనెవరో తమకు తెలియదన్నారు. పరుశురాం ఇప్పుడు వేరే మిల్లులో పనికి పోతున్నాడు. ఫోను మోగితే లత ఇప్పటికీ ఎవరు, ఎవరు అని రెండుసార్లు అడిగి గానీ మాట్లాడదు.

పక్క గది తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు. గదుల వరసలో సగం మంది భూలక్ష్మిని దొంగ పెళ్ళాం అంటున్నారు. మిగతా సగం, మొగుణ్ణి పట్టిచ్చిన ఆడది అంటున్నారు. ఆమెకు పిల్లలు లేరు. రాజమల్లును తీసుకుపోయాక ఊరినుంచి ఎవరూ రాలేదు. అందరూ వెళ్ళిపోయాక కుళాయి దగ్గరికి వస్తుందని కొందరంటారు, అసలు రావడమే లేదని కొందరంటారు. లత రెండుసార్లు ఆ తలుపు ముందు నిలబడింది. ఆమె తప్పు లేదని లతకు తెలుసు. అయినా ఆ గదిలోంచి ఇన్నాళ్ళు వచ్చిన ఆ మగ గొంతు గుర్తొచ్చి చేయి ముందుకు పోలేదు. ఇవాళో రేపో పోతుంది. అప్పటిదాకా ఆగగలిగినట్టు లేదు తలుపు అవతలి మనిషి.

ఇది చదువుతున్న మీలో సచిన్ వైపు పనిమీద వెళ్ళేవాళ్ళు ఉంటారు. బస్సులో మిల్లుల దగ్గర దిగేవాళ్ళుంటారు. ఆ గదుల వరసలో చివరి నుంచి రెండో తలుపు. తెలుగులో పిలవండి, పలుకుతుంది. ఏమీ అడగొద్దు. భూలక్ష్మి ఉందా, ఇవాళ ఏమన్నా తిన్నదా, అంతవరకు చూసి రండి.